గట్టు మీద పదహారు అంకెలు

ఆ రోజుల్లో మా గోదావరి జిల్లాల్లో ఆకాశం ఊరికే దొరికేది. ఇప్పుడు నెలనెలా రీచార్జి చేయించుకుని, గడువు అయిపోతోందని మెసేజీ వస్తే కంగారుపడిపోతూ చూస్తున్నామే, ఆ బొమ్మలన్నీ అప్పుడు పదహారు అంకెలు తెలిసినవాడి ఇంట్లో ధారాళంగా కురిసేవి. చానెల్ కంపెనీవాళ్ళు పైనుంచి బొమ్మకి తాళం వేసి పంపేవారు. ఎక్కడో ఎవరో మహానుభావుడు ఆ తాళంచెవిని అంకెల రూపంలో ఊడబెరికేవాడు. అది నాలుగు దేశాలు దాటి ఏలూరులో ఒకాయన చెవిన పడేది. ఆయన ఫోను చేస్తే తాడేపల్లిగూడెంలో మా షాపు ఓనరుగారు సిగరెట్టు పెట్టె మీద రాసుకునేవారు. (ఒకసారి ఆయన రాసిన మూడు నాకు ఎనిమిదిలా కనపడి సగం జిల్లా మూడు రోజులు చీకట్లో మగ్గింది. ఇందులో అతిశయోక్తి ఉంటే అది 'సగం' దగ్గర మాత్రమే.) దీన్ని దొంగతనం అంటారని నాకు తెలుసు. అప్పుడు మాత్రం టెక్నాలజీ అనేవాళ్ళం.

నేను ఆ షాపులో మెకానిక్కుని, ఇంటింటికీ తిరిగి టీవీ పక్కనుండే పెట్టెలో ఆ అంకెలు నొక్కి రావడం నా పని. ఇరవై రెండేళ్ళవాణ్ణి. తణుకు నుంచి వచ్చి, గూడెంలో ఉల్లిపాయల గోడౌను పక్కన గది తీసుకున్నాను. కళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉండేవి. ఉల్లిపాయల వల్లేనని అందరికీ చెప్పేవాణ్ణి, చాలావరకు నిజమే. సాయంత్రం గది తలుపు తీశానంటే, మర్నాడు షాపులో ఓనరుగారు "వచ్చావా" అనేదాకా నన్ను పలకరించే ప్రాణి లేదు. (ఒక బల్లి ఉండేది గానీ అది బొత్తిగా ముభావి.) నెలకో నెలన్నరకో కంపెనీవాళ్ళు కోడు మార్చేసేవారు. డెల్టా అంతా వాళ్ళని తిట్టిపోస్తుంటే నేనొక్కణ్ణే లోలోపల పండగ చేసుకునేవాణ్ణి, పదిమంది ఇళ్ళకి వెళ్ళొచ్చు గదా అని. కానీ బొమ్మ రాగానే ఆ పదిమంది మొహాలూ టీవీ వైపు తిరిగిపోయేవి. చెప్పులు వేసుకుని వెళ్ళింది నేనో, గాలో ఎవరికీ పట్టేది కాదు.

పట్టినవాడు ఒక్కడే, గట్టు బాబాయి. కొల్లేటిలో ఒక చేపల చెరువుకి కాపలా. గట్టు మీద రేకుల షెడ్డులో మకాం. పొద్దున్నే పడవేసుకుని నీళ్ళలో పాతిన గెడలకి మేత సంచులు కట్టి రావడం, తర్వాత రోజంతా నీళ్ళకేసి చూడటం, అంతే. చెరువు యజమాని చేపల పట్టుబడి రోజున తప్ప కనపడడు. పాపం చూసుకుంటాడని ఒక టీవీ, మా షాపు నుంచి గొడుగులాంటి డిష్షు ఒకటీ పెట్టించాడు. బాబాయి అందులో చూసేది కూడా చేపలనే. ఏదో ఇంగ్లీషు చానెల్లో సముద్రం అడుగున తిరిగే చేపల్ని చూసి, "అయ్యో, ఇంత మందకి మేతేసేవోడు ఒక్కడూ లేడండీ బాబూ" అని బాధపడేవాడు.

విచిత్రమేమిటంటే, అందరి పెట్టెలూ నెలకోసారి పోతే బాబాయి పెట్టె వారానికోసారి పోయేది. బుధవారం పక్కనున్న లంక ఊళ్ళో కిరాణా కొట్టు నుంచి ఫోను. "ఇంజినీరు బాబూ, బొమ్మ పోయిందండి." గురువారం నేను మోపెడ్ మీద గుండుగొలను దగ్గర హైవే దిగి, ఆఫ్రికా ఖండమంత గుంతలు దాటుకుని వెళ్ళేవాణ్ణి. కిలోమీటరు దూరం నుంచే గట్టు మీద తువ్వాలు ఊపుతూ కనపడేవాడు. "ఆయ్, రండి రండి. మట్టగిడసల పులుసెట్టాను. ముందు తినండి, బొమ్మెక్కడికి పోద్ది?" కారణం నేనే కనిపెట్టాను: గొడుగు మీద గూడబాతులు వాలినప్పుడల్లా ఆ అదురుకి పెట్టె అంకెలు మర్చిపోతోంది. ఒక్కో పక్షి దూడంత ఉండేది. వాటిని బెదరగొట్టడానికి గొడుక్కి తుమ్మకంపలు కట్టాను. లాభం లేకపోయింది.

"ఆ నంబరేదో ఫోన్లో చెప్పి చావవయ్యా, పెట్రోలు దండగ" అని ఓనరుగారు విసుక్కుంటే, "ఆయనకి అంకెలు రావండీ" అన్నాను. అది అబద్ధం. "మీరు ఫోన్లో చెప్తే నేనే నొక్కుకుంటాను గదండీ" అని బాబాయి మొదట్లో అంటే, "అమ్మో, ఒక్క అంకె తేడా వస్తే పెట్టె పేలిపోతుంది. ఒకాయనకి కనుబొమలు కాలిపోయాయి" అన్నాను. అది ఇంకా పెద్ద అబద్ధం. ఏం చెయ్యను? ఆ గురువారం పోతే నాకు వారంలో అన్నీ బుధవారాలే.

ఒక రోజు ఏలూరు ఆయన ఫోను చేశాడు. కంపెనీవాళ్ళు తాళం మార్చడం కాదు, తాళాల పద్ధతే మార్చేశారట. ఇక ఏ అంకెలూ పనిచేయవట. ఓనరుగారు సిగరెట్టు పెట్టె అవతల పారేసి, మర్నాటి నుంచి మిక్సీలు రిపేరు చేస్తామని బోర్డు రాయించారు. నాకు ఉద్యోగం పోలేదు, గురువారం పోయింది.

అయినా వెళ్ళాను. రిమోట్ పట్టుకుని అరగంట పాటు నా టెన్త్ హాల్‌టికెట్ నంబరు, మోపెడ్ నంబరు, నోటికొచ్చిన ఎక్కాలు అన్నీ నొక్కాను. తెర మీద చుక్కలే. వెనక నిలబడ్డ బాబాయికి చెమటలు పడుతున్నాయి. చివరికి ఒప్పుకున్నాను. "ఇంక రాదండీ బాబాయిగారూ. కంపెనీవాళ్ళు అంతా మార్చేశారు. ఎవరి ఇంట్లోనూ రావట్లేదు."

"ఎవరింట్లోనూనా?" అన్నాడు. మొహం వెలిగిపోయింది. "అయితే నా వల్ల కాదన్నమాటండి! నేనే పాడుచేసేశానని నాల్రోజుల బట్టి అన్నం సయించట్లేదు."

"మీరేం చేశారు?"

"బుధవారం బుధవారం ఒక అంకె మార్చేసేవోణ్ణండి." తల దించుకున్నాడు. "పేలిపోద్దని మీరు చెప్పారు గదా, అందుకని పులుసు డేగిసా తల మీద బోర్లించుకుని, రిమోటుని పుల్లతో నొక్కేవోణ్ణి."

"మరి అంత భయపడుతూ ఎందుకండీ?"

"గట్టెంట మనిషి రావాలంటే ఏదోటి పాడవ్వాలి గదండీ" అన్నాడు, నీళ్ళకేసి చూస్తూ.

పేలిపోతుందన్నది నా అబద్ధమని నేనూ అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పకుండా పులుసన్నానికి కూర్చుని, ఇంకో ముద్ద ఎక్కువే పెట్టించుకున్నాను. బయల్దేరుతుంటే, "మళ్ళీ ఏదన్నా పాడైతే ఫోను చేస్తానండి" అన్నాడు. "తప్పకుండానండీ" అన్నాను. పాడవడానికి ఇంకేం మిగల్లేదని ఇద్దరికీ తెలుసు. తర్వాత రెండు మూడు గురువారాలు గుండుగొలను దాకా వెళ్ళి, టీ తాగి వెనక్కొచ్చేశాను. అక్కడికి వెళ్ళి ఏమని చెప్పను? ఊరికే వచ్చానని చెప్పొచ్చన్న సంగతి అంత పెద్ద ఇంజినీరుకి తట్టలేదు. ఆ ఏడు పట్టుబడి అయ్యాక బాబాయి వేరే చెరువుకి మారిపోయాడని విన్నాను, ఏ చెరువో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఏలూరులో ఒక అపార్టుమెంటులో ఉంటున్నాను. బుద్ధి పెద్దగా మారలేదు. మొన్న ఆదివారం నేనే వెళ్ళి ఎదుటి ఫ్లాట్ ఆయన తలుపు కొట్టి, "ఏవండీ, స్క్రూడ్రైవరు ఒకటి ఉంటే ఇస్తారా?" అని అడిగాను. ఆయన లోపలికి రమ్మన్నాడు, కాఫీ ఇచ్చాడు, గంటన్నర మాట్లాడాడు. స్క్రూడ్రైవర్లు మా ఇంట్లో పద్నాలుగున్నాయి.