నెలలు నిండకుండా పుట్టిన మా ఎస్తేరక్క

నిన్న పొద్దున పెద్దముడియంలో మా పాపను స్కూల్ ఆటో ఎక్కిస్తుంటే ఫోన్ వచ్చింది. మా పెద్దమ్మ కూతురు ఎస్తేరక్క ఇక లేదని.

న్యుమోనియాతో ప్రొద్దుటూరు హాస్పిటల్లో చేరిందని తెలుసు. వచ్చేస్తుందనే అనుకున్నాను. ప్రతిసారీ వచ్చేసేది కదా.



అక్క ఏడో నెలలో పుట్టింది. అప్పటికి పెద్దమ్మకు ముందు కాన్పు అయి ఏడాది కూడా కాలేదు. ఒంట్లో రక్తం లేదు. జ్వరంతోనే కూలికి పోయేది.

బిడ్డను ఆక్సిజన్ పెట్టి బతికించారు. ఊపిరితిత్తులు మాత్రం బలహీనంగానే ఉండిపోయాయి. ఎడమ కంటి చూపు పోయింది.

అయినా చదివింది. జమ్మలమడుగులో టీచర్ అయింది.

"మీయమ్మ ఏం పాపం చేసిందో" అని తన కన్ను చూసి అన్నవాళ్ళకు మొహం మీదే చెప్పేది.

"పాపం గాదు, రక్తం లేక. కడుపుతో ఉండే మీ కోడలికి రక్తం చూపిస్తాండారా, లేదా?"

నా కడుపులో పాప ఉన్నప్పుడు, ఏడో నెల దాటాక, కాళ్ళు వాచాయి. ఒకటే తలనొప్పి. మామూలేలే అంది మా అత్త.

ఆదివారం అక్క చర్చి నుంచి నేరుగా వచ్చి నా పాదం మీద వేలితో నొక్కింది. గుంట పడి అట్లే నిలిచింది.

"లెయ్, ప్రొద్దుటూరుకు పోదాం."

"రేపు పోదాంలే అక్కా."

"రేపు నాకు స్కూలుంది. ఈ పొద్దే."

బీపీ చాలా ఎక్కువగా ఉంది. ఆగితే ఇద్దరికీ ప్రమాదమని డాక్టరమ్మ ముందుగానే ఆపరేషన్ చేసింది. పాప పిడికెడంత ఉంది.

ఇంటికి పంపేటప్పుడు, నెలలు నిండని బిడ్డలకు కంటి లోపలి పొర దెబ్బతినొచ్చు, పెద్ద కంటి ఆసుపత్రిలో పాపకు పరీక్ష చేయించమన్నారు. బరువు పెరుగుతోంది కదా, అంత దూరం ఎందుకులే అనుకున్నాం.

అక్క కళ్ళద్దాలు తీసి నా ఎదురుగా కూర్చుంది.

"నా కన్ను చూడుమే. అప్పుడు ఎవురికీ తెలీదు. మీకు తెలుసు. తెలిసీ ఇంట్లో కూచుంటారా?"

తనే పాపను గుండెకు కట్టుకుని బస్సెక్కింది. పరీక్షలో రెండు కళ్ళలోనూ తేడా కనపడింది. టైంకు లేజర్ చేశారు.

ఈ రోజు సమాధి దగ్గర, శిలువ మీద పెయింట్‌తో రాసిన అక్క పేరును నా కూతురు కూడబలుక్కుని చదివింది.

ఈ ఆదివారం నుంచి మా ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళ ఇళ్ళకు నేను పోతాను. బీపీ చూపించుకున్నారా, రక్తం చూపించుకున్నారా అని అడుగుతాను. విసుక్కున్నా అడుగుతాను.

పోయిరా అక్కా. ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.