పేము బంతి

పందొమ్మిదివందల ముప్పై అయిదు ప్రాంతాల మాట. అప్పట్లో నేను తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాని. రంగూన్ చూడాలన్న సరదా నాకు ఏనాడూ లేదు. అక్క పోరు పడలేక వెళ్ళాను. బావ అక్కడ ఏదో మిల్లులో పనికని వెళ్ళి నాలుగేళ్ళయింది. ఉత్తరం వచ్చి ఏడాది దాటింది. కొల్లేటి లంకలో ఒక్కతే ఉంటున్న అక్క, "ఆయన్ని తీసుకురా, లేదంటే ఇక రారని తెలుసుకునైనా రా" అంది. కాకినాడలో స్టీమరెక్కి, డెక్కు మీద ఎండకీ వాంతులకీ సగమై దిగాను.

రంగూన్ గురించి మనవాళ్ళు గొప్పగా చెబుతారు. నాకు కనిపించింది బురద, రిక్షాలు, ఆ రిక్షాలు లాగుతున్న మనవాళ్ళు. వాళ్ళలో ఉండి అనే ఊరి నుంచి వచ్చిన ఒకాయన బావని ఎరుగును. "ఈ వేళప్పుడు మీ బావగారు ఆటలో ఉంటారండీ" అంటూ నన్ను మిల్లు వెనక బర్మావాళ్ళ పేటకి తీసుకెళ్ళాడు. అక్క అక్కడ కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటే ఈయనకి ఆటలా అని ఒళ్ళు మండింది.

ఆరుగురు లుంగీలు ఎగ్గట్టి గుండ్రంగా తిరుగుతూ, పేముతో అల్లిన బంతిని పాదాలతో, మోకాళ్ళతో పైకి లేపుతున్నారు. చెయ్యి తగలకూడదు, బంతి నేల తాకకూడదు. పడితే మళ్ళీ మొదలు. ఎవరు గెలుస్తున్నారని అడిగితే, ఇందులో గెలవడాలు లేవండీ అన్నాడు రిక్షా ఆయన. ఏలూరులో కుస్తీలు చూసి పెరిగిన నాకు అదేం ఆటో అంతుపట్టలేదు. చుట్టూ ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కూచుని ప్రతి తాపునీ మెచ్చుకుంటున్నారు. ఆ ఆరుగురిలో బావ ఉన్నాడు. మా ఇంట్లో నవ్వగా నేనెప్పుడూ చూడని మనిషి, హాయిగా నవ్వుతున్నాడు.

నన్ను చూసి కాస్త తడబడ్డాడు. ఆట అయ్యాక మాట్లాడుకుందాం, కూచోమన్నాడు. చాలాసేపు కూచున్నాను. అలసటకి కునుకు కూడా పట్టింది. ఇంతలో బంతి దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. కాలికి తగిలినదాన్ని అలా వదిలెయ్యడం మనకి చేతకాదు కదా. రెండు చేతులా తీసి కళ్ళకద్దుకున్నాను. పేట పేటంతా పకపకా నవ్వింది.

బావ మాత్రం నవ్వలేదు. వచ్చి నా చేతుల్లోంచి బంతి తీసుకున్నాడు. నన్ను చూశాక పాత అలవాటు కదిలిందేమో, బంతితో పాటు అతని చెయ్యి కూడా కళ్ళ వైపు లేచింది. గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది. వెనక్కి తిరిగి తన వాళ్ళ వైపు చూసి, బంతిని వదిలి పాదంతో అందుకున్నాడు. పొద్దువాలాక, ఎప్పుడొస్తారండీ అని అడిగితే, చూద్దాం అన్నాడు. నేనిక బతిమాలలేదు.

ఏలూరులో రైలు దిగి, దోనెలో లంకకి చేరేసరికి అక్క చేపలు ఎండబెడుతోంది. దారంతా అల్లుకున్న అబద్ధం నోట్లోకి రాలేదు. బంతి సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ఇక రారు, ఆశ వదులుకో అన్నాను.

అక్క ఎండుతున్న చేపల్ని తిరగేసింది.

"చెయ్యి కళ్ళదాకా వెళ్ళలేదా?" అంది.

"లేదక్కా. గడ్డం దగ్గరే ఆగిపోయింది."

"అక్కడిదాకా అయినా లేచిందిగా" అంది.

నేనూ పక్కన కూచుని మిగతా చేపలు తిరగేశాను.