పచ్చగా చేయాల్సిన ఎర్ర కవర్లు

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను. ఆ బోర్డు రాసింది నేనే. గిమ్ అక్క ప్రింటింగ్ ప్రెస్సు పక్కన ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. "ఇక్కడ గ్రీన్ ఆంగ్‌పావ్ చేయబడును" అని ఆవిడ షట్టరు మీద గుండ్రటి అక్షరాలతో రాసి, ఫొటో తీసి, వీధి వాట్సాప్ గ్రూపులో పడేశాను. చైనా కొత్త సంవత్సరానికి డబ్బు పెట్టి ఇచ్చే ఎర్ర కవర్లు నేలకీ నీటికీ హాని చేయకుండా తయారవుతాయని నా భావం. మర్నాడు పొద్దున్నే ముగ్గురు మలయ్ ఆంటీలు వచ్చి, రంజాన్ ముగిశాక వచ్చే రాయా పండక్కి ఇచ్చే ఆకుపచ్చ కవర్లు చూపించమన్నారు. ఎదురింటి ముసలాయన వచ్చి, ఆంగ్‌పావ్‌కి పచ్చరంగు వేస్తే మీ నాన్న సమాధిలోంచి లేచి వస్తాడని అక్కని తిట్టిపోయాడు. నేను అనుకున్నది అనుకున్నట్టు అర్థం చేసుకున్నవాడు ఒక్కడే. అక్క ఇరుక్కున్నది అతని దగ్గరే.

అతను చువా వంశ సంఘం చైర్మన్ తేక్ లియోంగ్. పినాంగ్ జార్జ్‌టౌన్‌లో మా వరస కొట్లన్నీ ఆ సంఘానివే. గిమ్ అక్కదీ చువా వంశమే. కింద ప్రెస్సు, పైన మంచం, మధ్యలో నిచ్చెనలాంటి మెట్లు, ఇదే ఆవిడ లోకం. ఇరవై రెండేళ్లప్పుడు కౌలాలంపూర్‌లో ఒక పత్రికాఫీసులో ఉద్యోగం దొరికింది. అదే వారం నాన్న వేళ్లు మిషన్లో నలిగాయి. "ఈ కొత్త సంవత్సరం కవర్లు అయ్యాక వెళ్తాలే" అంది. ఆ మాట అన్నాక ముప్పై ఆరు కొత్త సంవత్సరాలు వచ్చాయి, పోయాయి. సంఘం కవర్లు మాత్రం ఏటా ఆవిడే చేసింది. మెరిసే లామినేషన్ కాగితం మీద, వేడిచేసిన ఇత్తడి అచ్చుతో బంగారు రేకు అద్ది, చువా అన్న చైనా అక్షరం వేసేది. అచ్చు లేచినప్పుడు "చిట్" మని వచ్చే చప్పుడంటే ఆవిడకి ప్రాణం. ఆ మాట ఎవరితోనూ ఒప్పుకోదనుకోండి.

తేక్ లియోంగ్ కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు.

"బోర్డు చూశాను చెల్లెమ్మా. మన వంశంలో ఇంత ముందుచూపు ఉన్నవాళ్లున్నారని కమిటీకి చెప్పాను."

అతను చెల్లెమ్మా అన్నాడంటే ఏదో ముంచుకొస్తోందని అక్కకి తెలుసు.

"బోర్డు ఆ పక్క కొట్టు కోతి రాశాడు అన్నయ్యా. నాకు..."

"ఎనిమిది వేల కవర్లు. బంగారు రేకు వద్దు, ప్లాస్టిక్ పొర వద్దు. పాత కాగితాల గుజ్జుతో చేసిన కాగితం, సోయా నూనె సిరా. కొత్త సంవత్సరానికి వారం ముందు, వంటింటి దేవుణ్ణి పైకి సాగనంపే రోజుకల్లా కావాలి. అన్నట్టు నీ అద్దె కాగితం ఈ నెలతో అయిపోతుంది కదూ. దాని సంగతి కవర్లు చూశాక మాట్లాడుకుందాం."

అంతే చెప్పాడు. కవర్లు కుదరకపోతే ప్రెస్సూ పోతుంది, పైన మంచమూ పోతుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, రెండు టన్నుల మిషన్ని కలిపి ఏ వీధి రానిస్తుంది?

అక్క అతను చెప్పిన గుజ్జు కాగితం తెప్పించింది. బూడిద రంగులో, అత్తగారి ముఖంలా ఉంది. ఎర్ర సిరా వేస్తే గటగటా తాగేసి పంది కాలేయం రంగుకి తిరిగింది. రెండోసారి వేస్తే ఎరుపు వచ్చింది గానీ ఆరలేదు. మన పినాంగ్ గాలికి ఉతికిన బనీనే ఆరదు, సోయా నూనె ఏం ఆరుతుంది? ఫ్యాన్లు పెట్టింది, తాళ్లు కట్టి వేలాడదీసింది. నాలుగు రోజులకి తలుపు గడియ ఎర్రబడింది, టీ కప్పు ఎర్రబడింది, పిల్లి తోక ఎర్రబడింది. సిరా మాత్రం కాగితం మీద ఉండనంది.

అయిదో రోజు తేక్ లియోంగ్ వచ్చాడు. అక్క వద్దంటున్నా ఒక కవరు అందుకుని వేళ్లతో నిమిరి, "బాగుందే" అని నుదురు గోక్కున్నాడు. చక్కగా పెళ్లికొడుకు బొట్టులా పడింది. అక్క గుడ్డ ఇచ్చేలోపే కారెక్కాడు. తిన్నగా వెళ్లింది చావింటికి. ఎరుపు శుభానికి, చావింట అది కనపడకూడదు. పోయినాయనకి అరవై నాలుగేళ్లే. తొంభై దాటినవాడైతే ఎరుపుని ఎవరూ పట్టించుకోరు. అరవై నాలుగంటే ఇంటిల్లిపాదీ కుమిలిపోయే చావు. వాళ్ల చేతిలో ఇతను పరామర్శ డబ్బుతో పెట్టిన తెల్ల కవరు మీద అయిదు ఎర్ర వేలిముద్రలున్నాయి.

సాయంత్రానికి ఫోను వచ్చింది. ఈసారి చెల్లెమ్మా లేదు.

"ఎనిమిది రోజులు టైము, గిమ్. చేతికి అంటకూడదు. అంటిందా, ఆ కొట్టుకి ఇంకొకళ్లని చూసుకుంటాం."

అక్క ఫోను పెట్టేసి లామినేషన్ డబ్బా వైపు చూసింది. పలచటి ప్లాస్టిక్ పొర ఒక్కటి వేస్తే చాలు, ఎవరికీ తెలియదు. లేచి డబ్బా మూత తీసింది. చేత్తో చూస్తే తెలియదు, కానీ చించితే తెలుస్తుంది, చించేది పిల్లలు. మూత పెట్టేసింది. మళ్లీ తీసింది. మూడు రోజులు ఆ మూత తీయడం, పెట్టడమే పని. బయటికి చూస్తే సంఘం గోడ, లోపలికి చూస్తే తాళ్ల మీద వేలాడుతున్న ఎరుపు. ఊపిరి పీల్చినా సోయా వాసనే.

నాలుగో రోజు ఆకలేసి, సైకిలు మీద తిరిగే ఆవిడ దగ్గర ఆంగ్ కూ కొంది. తాబేలు ఆకారంలో ఉండే ఎర్ర పిండివంట, లోపల పెసరపప్పు ముద్ద. కొరికి, వేళ్లు చూసుకుంది. జిగురు అంటింది గానీ రంగు అంటలేదు. కొరికిన చోట చూస్తే ముద్ద చుట్టూ ఉన్న పిండి పైనా ఎరుపే, లోపలా ఎరుపే. తాబేలు వీపు మీద గీతలకి వేరే రంగేమీ లేదు. చెక్క అచ్చులో నొక్కితే లేచినవే.

"ఎరుపు పిండిలో కలపాలి, పైన పూయకూడదు" అని పిల్లితో చెప్పింది. పిల్లి తోక నాక్కుంటోంది.

బుకిత్ మెర్తాజామ్‌లో ఒక కాగితాల వ్యాపారి దగ్గర, పాత కాగితాల గుజ్జులోనే ఎరుపు కలిపి చేసిన కాగితం దొరికింది. అక్కడే దాన్ని ఉమ్మితో తడిచేసి తన తెల్ల జాకెట్టుకి రుద్దింది. వ్యాపారి బిత్తరపోయాడు. జాకెట్టు తెల్లగానే ఉంది.

సిరా లేదు, రేకు లేదు. ఇత్తడి అచ్చు వేడిచేసింది. కింద అట్టముక్క చెక్కి అమర్చి, ఎరుపు మీద ఎరుపుగానే అక్షరాన్ని పైకి లేపింది. అంచులకి మైదా జిగురు రాసింది. రేకు లేకపోవడంతో అచ్చు లేచినప్పుడు "చిట్" మనలేదు. ఎనిమిది వేల సార్లూ అనలేదు. అక్క అన్నిసార్లూ చెవి పెట్టి విన్నది.

గడువు రోజు తేక్ లియోంగ్ వచ్చి చేతి రుమాలుతో కవరు పట్టుకున్నాడు. బుద్ధి వచ్చింది పాపం.

"మన పేరేది?"

"వేలు పెట్టి చూడండి అన్నయ్యా."

"బంగారం ఏది?"

"మీరే వద్దన్నారుగా."

"వద్దన్నాను. వద్దంటే నిజంగానే ఉండదనుకోలేదు."

రుమాలు జేబులో పెట్టి, కళ్లు మూసుకుని, బొటనవేలితో అక్షరం మీద మెల్లగా దిద్దాడు. ఒకటికి రెండుసార్లు దిద్ది, వేలు చూసుకున్నాడు. ఏమీ అంటలేదు. సంచిలోంచి అద్దె కాగితం తీసి సంతకం పెట్టాడు. మూడేళ్లు. కింద ఒక వాక్యం కూడా కలిపాడు: ఏటా ఈ కవర్లే, ఇకనుంచి సంఘం ఇపో శాఖకీ, తైపింగ్ శాఖకీ కూడా.

అతని కారు కదలగానే నేను గోడ దూకి వెళ్లాను.

"హమ్మయ్య, బయటపడ్డావక్కా."

గిమ్ అక్క అద్దె కాగితం నాలుగు మడతలు పెట్టి, నా వైపు చూడకుండానే అంది.

"జైల్లో అయితే బుద్ధిగా ఉన్నందుకు శిక్ష తగ్గిస్తార్రా కోతీ. ఇక్కడ పని బాగా చేశానని మూడేళ్లు పెంచారు. దీన్నే బయటపడటం అంటావా, అయితే నువ్వూ లోపలికొచ్చి కవర్లు అంటించు, కలిసి బయటపడదాం."