పంచవిషాల బిళ్ల మీద నా సంతకం

కరోనా సద్దుమణిగిన ఏడాది వేసవిలో, రిటైర్మెంటుకి పద్నాలుగు నెలల ముందు, నన్ను గోదావరి జిల్లాల్లో ఒక చిన్న మ్యూజియానికి క్యూరేటర్‌గా వేశారు. ఆ మ్యూజియం పేరు రాయను. తప్పు చేసింది బిల్డింగు కాదు, నేను.

పొలంలోనో పునాదిలోనో పాత వస్తువు దొరికితే వీఆర్వో పంచనామా రాసి తహశీల్దారుకి అప్పగించాలి. తహశీల్దారు దాన్ని మాకు పంపిస్తారు. మేం తూచి, కొలిచి, రెండు వైపులా ఫొటోలు తీసి, అదేమిటో ప్రాథమిక నివేదిక రాస్తాం. ఇక్కడ మా వాళ్లకి ఒక పాడు అలవాటుంది. వస్తువేంటో తెలియకపోతే ‘తెలియదు’ అని రాయరు, నామోషీ. ‘పూజకు వాడినది కావచ్చు’ అని రాసేస్తారు. పూజ అంటే కాదనేవాడుండడు కదా! మట్టి గొట్టం దొరికినా పూజకే, విరిగిన రాయి దొరికినా పూజకే. ముప్పై ఏళ్లు నేనూ అలాగే రాశాను.

ఆ జూన్‌లో ద్రాక్షారామం అవతల ఒక ఊరి నుంచి ఇత్తడి బిళ్ల వచ్చింది. కొండలరావు అనే రైతు తన ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ వెంట పైపు కోసం తవ్విస్తుంటే దొరికిందట. అరచేతిలో సగం ఉంటుంది. మధ్యలో చదరపు కన్నం, పైన తాడు దూర్చే చెవి. ఒక వైపు పాము, తేలు, ఇంకేవో పురుగులు. రెండో వైపు చిలుము కింద నాలుగు అక్షరాలు. మా టెక్నికల్ అసిస్టెంటు ‘బీజాక్షరాలున్న తాంత్రిక యంత్రం కావచ్చు’ అని టైపు చేసి తెచ్చాడు. నేను ఆడిట్ కాగితాల్లో తలమునకలై ఉన్నాను. బిళ్లని కవరులోంచి బయటికి తియ్యకుండానే సంతకం గీకేశాను.

పది రోజుల తర్వాత ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి, నుదుటి మీద కుట్లు. నా బల్ల మీద ఒక జిరాక్సు పెట్టి, “ఈ సంతకం మీదేనా అండి?” అని అడిగింది.

నాదే.

ఆవిడ పేరు సత్యవతి. కొండలరావు పక్కిల్లు ఆవిడదే. భర్త పోయాక అరుగు మీద ఇడ్లీ కొట్టు పెట్టుకుని బతుకుతోంది. కొండలరావు కోడలికి రెండుసార్లు కడుపు పోయింది. మా నివేదిక బిళ్ల ఫొటోతో సహా ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఎక్కేసరికి, పక్కింటావిడే చిల్లంగి పెట్టి, అంటే చేతబడి చేసి, బిళ్లని గోడ పక్కన పాతిందని తేల్చేశారు. గవర్నమెంటు వాళ్లే యంత్రమని రాసిచ్చారు, ఇంకేం సాక్ష్యం కావాలన్నారట. కొట్టు మీద రాళ్లేశారు. ఒకటి నుదుటికి తగిలింది. అమావాస్యలోగా ఊరు విడిచిపొమ్మన్నారు. స్టేషనుకి వెళితే, ముందు ఆ కాగితం సంగతి తేల్చుకు రమ్మన్నారట.

నాకు ఒళ్లు మండిపోయింది. అసిస్టెంటుని పిలిచి కడిగేశాను. “అందరూ ఇలాగే రాస్తారు కదా మేడమ్” అన్నాడు. నోరు ముయ్యమన్నాను. వాడన్నది నిజమే, అందుకే మరీ మండింది.

ఆవిడ ఎదుటే బిళ్లని బయటికి తీశాను. డిస్టిల్డ్ వాటరూ మెత్తటి బ్రష్షూ పెట్టి గంటసేపు శుభ్రం చేశాను. బీజాక్షరాలూ కాదు, నా తలకాయా కాదు. చైనా అక్షరాలు! బిళ్ల తిప్పి పురుగులున్న వైపు లెన్సుతో చూశాను. పాము, తేలు, జెర్రి, కప్ప, సాలీడు. సరిగ్గా ఐదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణలో చెప్పిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. చైనా వాళ్ల పంచవిషాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

కలకత్తాలో ఉండే, చైనా భాష వచ్చిన స్నేహితురాలికి ఫొటోలు పంపితే వెంటనే ఫోన్ చేసింది. ఆ అక్షరాలు ముందు పైది, తర్వాత కిందది, ఆపైన కుడి, ఎడమ వరసలో చదవాలట. మొదటి రెండూ కలిపి దీర్ఘాయువు, మూడోది సంపద, నాలుగోది గౌరవం. ఇది చెలామణీ నాణెం కాదు, నాణెంలా పోతపోసిన తాయెత్తు. వాళ్ల ఐదో నెలలో, ఎండలు ముదిరి పురుగూ పుట్రా బయటికొచ్చే రోజుల్లో, పిల్లల మెళ్లో కడతారు. విషానికి విషమే విరుగుడని నమ్మకం. మనం పసిబిడ్డ బుగ్గన పెట్టే దిష్టిచుక్క లాంటిదే. చెవి లోపలి అంచు తాడు రాపిడికి నున్నగా అరిగిపోయి ఉంది. అంటే ఎవరో ఏళ్ల తరబడి వేసుకున్నారు. పోత పనిని బట్టి నూరేళ్లు దాటిందని తేల్చాం.

ఇదంతా చెబితే సత్యవతి గారు ఆ బిళ్లని చేతిలోకి తీసుకున్నారు. “అయితే ఇది పిల్లల్ని కాపాడేదేనన్నమాట. మరి నన్నెందుకు కొట్టారండీ?” అన్నారు.

మర్నాడే సవరించిన నివేదిక పట్టుకుని, తహశీల్దారునీ ఎస్సైనీ వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్లాను. పంచాయతీ ఆఫీసులో అందరి ముందూ చదివాను. కొండలరావు లేచి, “మొన్న యంత్రమన్నారు, ఇవాళ తాయెత్తంటున్నారు. ఏది నమ్మమంటారండి?” అన్నాడు. అడగాల్సిన మాటే అడిగాడు.

అప్పుడు అతని తండ్రి, ఎనభై దాటినాయన, బిళ్ల ఒకసారి చూపించమన్నారు. బొటనవేలితో తడిమి, “ఇది మా నాన్న మెళ్లోదండి” అన్నారు. ఈయన తాత రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేశాడట. అక్కడ పుట్టిన కొడుక్కి పక్కింటి చైనా ఆవిడ కట్టిందట. తర్వాత అది ఈయన మెళ్లోకి వచ్చింది, చిన్నప్పుడే ఎక్కడో పారేసుకున్నారు. ఫోన్‌లో ఫొటో చూసిన రోజే గుర్తుపట్టారట!

“మరి చెప్పరేంటండీ? ఒక మనిషి తల పగిలేదాకా ఊరుకుంటారా?” అని అరిచాను. అందరూ ఉలిక్కిపడ్డారు.

“గవర్నమెంటు కాగితంలో యంత్రమని రాశారు కదండీ. చదువు లేనోణ్ణి, నేను కాదంటే ఎవరు వింటారు?” అన్నారాయన.



రాళ్లేసిన వాళ్ల మీద కేసు పెట్టారు. సవరించిన నివేదికని వీఆర్వో అదే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రెండు నెలల తర్వాత అటు వెళితే ఇడ్లీ కొట్టు మూసి ఉంది. ఫోన్ చేస్తే, సత్యవతి గారు తునిలో చెల్లెలి ఇంట్లో ఉన్నారు. “ఊళ్లో అందరూ బాగానే పలకరించారండి. నా చేతి ఇడ్లీ మాత్రం ఎవరూ తినలేదు” అన్నారు.

ఆ మిగిలిన ఏడాదిలో నేను చాలా వస్తువులకి ‘తెలియదు’ అని రాశాను. పైవాళ్లు విసుక్కున్నారు, విసుక్కోనీ. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. మన తప్పుని మన రిజిస్టరులో ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన తేదీ వెయ్యొచ్చు. ఊరు అలా కొట్టెయ్యదు.