హాట్‌లైన్ పిన్ని కుశలప్రశ్నలు

ఆఫీసంతా పిన్ని అని పిలిచే ఆ టెలిఫోను ఆపరేటరుకి ఒకటే జబ్బు. ఎదుటివాళ్ల ఒంట్లో ఎలా ఉందో కనుక్కోకుండా ఫోన్ పెట్టేది కాదు. రాంగ్ నంబరు వచ్చినా సరే, గొంతు విని జలుబు పసిగట్టి, ఆవిరి పట్టించి, తగ్గిందని మళ్లీ ఫోన్ చేయించుకునేది.

అలాంటి మనిషిని తెచ్చి రెండు దేశాల మధ్య హాట్‌లైన్ దగ్గర కూర్చోబెట్టారు. ఇరుగుపొరుగే గానీ, ఒకరి మీద ఒకరు అణుబాంబులు గురిపెట్టుకుని ఉన్నారు. రోజూ పదింటికి ఫోన్ చేసి "లైన్ బాగుందా?" అనాలి. అవతలివాళ్లు "బాగుంది" అనాలి. అదే మాట పుస్తకంలో రాయాలి. పన్నెండు సెకన్ల పని. అవతలి ఆపరేటరుతో పిన్నికి ముప్పావుగంట.

"లైన్ సంగతి సరే అన్నయ్యగారూ, మోకాలెలా ఉంది?"

"మెట్లెక్కితే కలుక్కుమంటోందమ్మా."

ఇవతల హాట్‌లైన్ గది చూసే కమాండర్ తల పట్టుకునేవాడు. "అమ్మా, ఆయన శత్రువు!"

"శత్రువైతే మోకాళ్లుండవా సార్?"

ఓ రోజు తొమ్మిదిన్నరకే కమాండర్ చెమటలు కక్కుతూ వచ్చాడు. అవతల క్షిపణి నిలబెట్టారని ఉపగ్రహం ఫోటో పంపింది. పరీక్ష కోసమైతే ముందురోజే కాగితం పంపాలని ఒప్పందం. అది రాలేదు. పది నిమిషాల్లో ఆయన పైవాళ్లకి చెప్పాలి. చెప్పాడా, ఇక్కడివీ లేస్తాయి.

"ఫ్యాక్స్‌లో ఏమీ రాలేదా?"

"నిన్న సాయంత్రం ఓ తెల్లకాగితం వచ్చింది సార్."

"తెల్లకాగితమా! బెదిరింపా?"

పిన్ని నాలుక కరుచుకుంది. "అయ్యో, అన్నయ్యగారి అమ్మాయికి నెలలు నిండాయి. ఆయన ఆసుపత్రిలో ఉండుంటారు. సీట్లో కొత్తవాడెవడో ఉన్నాడు." ఫోనెత్తింది. "బాబూ, ఆ కాగితం రాతవైపు తిరగేసి పంపు నాన్నా. గొంతేమిటలా వణుకుతోంది? ఏమైనా తిన్నావా?"

మర బరబరమంటూ కాగితం కక్కింది. పరీక్షే. పదకొండింటికి, సముద్రంలోకి.

కమాండర్ కుర్చీలో కూలబడ్డాడు. పిన్ని మంచినీళ్లందించింది.

"ఇన్నాళ్లూ ఆ మోకాళ్లూ దగ్గులూ ఇందుకేనా అమ్మా?"

"అబ్బే, మోకాలినొప్పి సంగతి తెలిసిన మనిషి మీద బాంబెయ్యాలంటే కాస్త మొహమాటంగా ఉంటుంది కదా సార్. రెండువైపులా ఆ మొహమాటం ఉంటే మంచిదని."

మర్నాడు పదింటికి కమాండరే ఫోన్ లాక్కున్నాడు. "లైన్ బాగుందా?" గొంతు సవరించుకున్నాడు. "అదే... అమ్మాయెలా ఉందండీ?"

పుస్తకంలో ఆ రోజు దస్తూరీ ఆయనదే: "లైన్ బాగుంది. తల్లీబిడ్డా క్షేమం. మోకాలు అలాగే ఉంది."