ఒకటిన్నర మీద ముల్లు

ఆ రోజుల్లో కంప్యూటర్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడం వచ్చినవాడికి ప్రపంచంలో దేన్నైనా బాగుచెయ్యగలనన్న నమ్మకం ఉచితంగా వచ్చేసేది. నాకూ వచ్చింది. ఇరవయ్యారేళ్ళవాణ్ణి కాకినాడ నుంచి కాన్‌బెర్రా దాకా విమానంలో తీసుకొచ్చి, ఒక ప్రభుత్వ ఆఫీసులో కూచోబెట్టి, రెండువేల సంవత్సరం వస్తే ఈ ప్రోగ్రాములు ఏమైపోతాయో చూడమన్నారు మరి. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతికేవాణ్ణి. తప్పు కనబడితే కాగితం మీద తేదీ, టైము, లక్షణం, కారణం అని నాలుగు గళ్ళు గీసి రాసేవాణ్ణి. ఆ నాలుగు గళ్ళు సరిగ్గా నింపితే ఎంతటి సమస్యైనా దొరికిపోతుందని మా టీమ్‌లీడరు చెప్పాడు. (ఆయన చెప్పింది నిజమే. అది నిజమని తేలిన తీరు చెప్పడానికే ఈ సోదంతా.)

అద్దె ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. ఒకాయన గుంటూరు బావ. నాకేం బావ కాడు గానీ అందరూ అలాగే పిలిచేవారు. రెండో ఆయన హైదరాబాద్ భాయ్, ఏదో కంపెనీలో సర్వర్లు చూసేవాడు. నేను చివరగా చేరాను. ఆ ఇల్లు మంచుదేశం నుంచి వలసొచ్చిన ఒక ముసలాయన, కొండవాలు మీద తన చేతుల్తో కట్టుకున్నది. గోడలకి ఇనప పలకలు బిగించి, వాటన్నిటినీ గొట్టాలతో లాండ్రీ గదిలో ఉన్న బాయిలర్‌కి కలిపాడు. బాయిలర్ నీళ్ళు కాస్తుంది, ఆ నీళ్ళే పలకల్లో తిరిగి తిరిగి మళ్ళీ బాయిలర్‌కి వస్తాయి, ఇల్లంతా వెచ్చబడుతుంది. బాయిలర్ ముందు ఒక ప్రెషర్ మీటరు ఉంటుంది. దాని ముల్లు ఒకటిన్నర మీద నిలబడాలి, అర కంటే కిందికి పడితే బాయిలర్ తనంతట తనే ఆగిపోతుంది. నేను చేరినరోజు ముసలాయన ఇదంతా ఇంగ్లీషులో విడమర్చి చెప్పాడు. నేను మొదట్నుంచి చివరిదాకా తలూపాను.

నా వాటాకి వాలుకి దిగువన ఉన్న చిన్న బాత్రూం వచ్చింది. అందులో షవరుంది గానీ, నాకు షవరంటే మొదట్నుంచీ గిట్టదు. వానలో నించున్నట్టుంటుంది, సబ్బు రుద్దుకునేలోగా సబ్బే పోతుంది. అందుకని మొదటి శనివారమే వెళ్ళి బకెట్టూ మగ్గూ కొనుక్కొచ్చాను. ఆశ్చర్యం ఏవిటంటే, ఆ బాత్రూంలో గోడ పలక కింద, జానెడెత్తున ఒక ఇత్తడి కొళాయి ఉంది. కింద బకెట్ పెడితే కొలిచి చేయించినట్టు సరిపోయింది. తిప్పితే పొగలు కక్కే నీళ్ళు! సగం బకెట్ వచ్చేసరికి ధార సన్నబడిపోయేది, పోనీ మిగతా సగం చన్నీళ్ళు కలుపుకుంటే సరి. మొదట్లో టీ రంగులో వచ్చేవి. మా పేటలో బోరునీళ్ళూ అదే రంగు కాబట్టి నేనేం పట్టించుకోలేదు. బకెట్ స్నానం చేసేవాళ్ళ కోసం కూడా వేరే కొళాయి పెట్టారు, ఈ దేశం వాళ్ళది ఎంత ముందుచూపో అని ఇంటికి ఉత్తరం కూడా రాశాను.

నేను చేరిన వారానికే బాయిలర్ మొరాయించడం మొదలెట్టింది. పొద్దున్న లేచేసరికి ఒకటిన్నర మీదున్న ముల్లు, ఆఫీసుకి బయల్దేరేసరికి సున్నా మీదుండేది. సాయంత్రం వచ్చి బాయిలర్ పక్కనున్న కొళాయి తిప్పి నీళ్ళు నింపేవాళ్ళం, పలకల్లో చేరిన గాలి తీసేవాళ్ళం, పొద్దున్నే మళ్ళీ అదే కథ. ఇల్లు గడ్డకట్టేది. కరెంటు హీటరు పెడితే ఆ పాత ఇంట్లో ఫ్యూజు పోయింది. సరైన సమయానికి తెలివైనవాడొకడు ఇంట్లోకొచ్చి చేరాడని భాయ్ సంతోషించాడు. నేనూ సంతోషించాను.

సంతోషం లేనిది బావకొక్కడికే. ఆయన భార్యా, నాలుగు నెలల కూతురూ వచ్చే ఆదివారం దిగాలి. పాపని ఆయన ఇంతవరకూ చూడలేదు. జేబులో ఫోటో ఒకటుండేది, బస్సు డ్రైవర్లక్కూడా చూపించేవాడు. గుంటూరు నుంచి అత్తగారు ఫోనులో తేల్చి చెప్పేసింది. "అక్కడ మైనస్ అయిదంట గదా అల్లుడుగారూ! పసిగుడ్డు. ఇల్లు వెచ్చగా ఉందని మీరు నోటితో చెప్తేనే విమానం ఎక్కిస్తా, లేకపోతే ఎండాకాలం వచ్చాకే." బావకి అబద్ధం చెప్పడం చేతకాదు. శనివారం మధ్యాహ్నంలోగా ఫోన్ చేసి సంగతేంటో చెప్పాలి.

ఇంటాయన్ని పిలిచాం. ఆయన కార్పెట్టు మీద పాకుతూ ప్రతి గొట్టం తడిమాడు, ఎక్కడా తడి లేదు. "వాటర్ హాజ్ టు గో సమ్‌వేర్, మేట్," అని నావంకే చూస్తూ అన్నాడు. (అప్పుడు నేను స్నానం చేసి, తల దువ్వుకుని, శుభ్రంగా నించునున్నాను.) ప్లంబరుకి ఫోన్ చేస్తే చలికాలం, రెండు వారాల దాకా తీరదన్నాడు. బావ మొహం చూడలేకపోయాను. "బావా, ప్లంబరూ వద్దు, ఎవరూ వద్దు. శనివారంలోగా నేను పట్టుకుంటాను," అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "నీ మీదే ఆశరా," అన్నాడు.

నాలుగు గళ్ళ కాగితం బాయిలర్ పక్కన అంటించాను. మొదటి అనుమానం సహజంగానే టైమర్ గడియారం మీదికి పోయింది. దానికి రెండువేల సంవత్సరం భయం పట్టుకుందని నా సిద్ధాంతం. ఆఫీసులో చేసే చిట్కాయే చేశాను. ఆ ఏటి క్యాలెండరూ 1971 క్యాలెండరూ వారాలతో సహా ఒకటే, కాబట్టి బాయిలర్ని ఇరవయ్యెనిమిదేళ్ళు వెనక్కి పంపేశాను. బావ కాసేపు ఆలోచించి, "ఏందిరా, నా కూతురు డెబ్భై ఒకటిలో దిగుద్దా? అప్పటికి నేనే పుట్టలా!" అన్నాడు. మర్నాడు పొద్దున్న కాగితం మీద, "1971లో కూడా ముల్లు పడుతోంది," అని రాశాను.

శుక్రవారానికి లెక్క తేటపడింది. రోజూ పొద్దున్న ఆరున్నరకీ ఏడుకీ మధ్య పడుతోంది. ఆదివారం మాత్రం తొమ్మిదింటికి, అదీ రెండుసార్లు. మధ్యలో నీళ్ళు నింపితే మళ్ళీ పడింది. వారాంతంలో బాయిలర్ లోపల ఏదో పెద్ద పని నడుస్తోందని మిగతా ఇద్దరికీ బొమ్మ గీసి వివరించాను. (ఆదివారం నాకు తలంటు. అది రాయడానికి కాగితంలో గడి లేదు.)

శనివారం పొద్దున్న ఆఖరి ప్రయత్నంగా కాపలా పెట్టాం. భాయ్ స్టూలు వేసుకుని మీటరు ముందు కూచున్నాడు. బావ ఫోను దగ్గర పచార్లు. "నేను రెండు చెంబులు పోసుకునొచ్చి డ్యూటీ తీసుకుంటా," అని బాత్రూంలోకి వెళ్ళాను. లాండ్రీకీ బాత్రూంకీ మధ్య ఒకటే గోడ. బకెట్ పెట్టి కొళాయి తిప్పానో లేదో, అవతల్నించి కేక.

"పడుతుంది! ముల్లు పడుతుంది!"

"టైం రాసుకో!" అని ఇవతల్నించి అరిచాను.

"ఆరు నలభై! ఒకటి... ముప్పావు..."

"బావా, ఎక్కడన్నా నీళ్ళ చప్పుడవుతోందేమో విను!"

"అవుతా ఉందిరా, నీ బాత్రూంలో!"

"అది కాదు, వేరే చప్పుడు!"

సరిపడా నీళ్ళొచ్చాయని కొళాయి కట్టేశాను. "ఆగింది!" అన్నాడు భాయ్. "అదీ రాసుకో!" అన్నాను. సబ్బు రుద్దుకున్నాక ఇంకాస్త వేణ్ణీళ్ళు కావలసొచ్చాయి. "అరె, మళ్ళ షురూ అయింది!" అన్న కేకకి నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. దొంగ దొరికిపోతున్నాడు. అంతలో అవతల స్టూలు జరిగిన చప్పుడు. తర్వాత తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడు.

"తమ్మీ," అన్నాడు భాయ్, చాలా శాంతంగా. "నువ్విప్పుడు ఏం చేస్తున్నవో అది బంద్ చెయ్."

కట్టేశాను. "ఆగింది," అన్నాడు బావ, మీటరు దగ్గర్నించి. "ఇప్పుడు మళ్ళ చెయ్," అన్నాడు భాయ్. తిప్పాను. "పడతా ఉంది." "బంద్." "ఆగింది." అలా మూడుసార్లు చేయించాడు. తప్పుని మూడుసార్లు రప్పించి చూస్తేగానీ నిర్ధారించకూడదని వాళ్ళకి నేర్పింది నేనే. కళ్ళల్లో సబ్బు, ఒంటి మీద నూలుపోగు లేదు, బయట మైనస్ మూడు. సిగ్గుతో నిజంగా ఏడుపొచ్చింది.

తువ్వాలు చుట్టుకుని తలుపు తీశాను. బావ బకెట్టు వంకా, కొళాయి వంకా, నా వంకా చూశాడు. "నా కూతురికి దాచిన వేడితో వారం నుంచి నువ్వు స్నానం చేస్తున్నావురా!" అన్నాడు. తిట్టినా బాగుండేది. వెంటనే వెళ్ళి ఫోన్ చేశాడు. "ఎక్కించండి అత్తయ్యా. ఇల్లు వెచ్చగానే ఉంటది. లోపం దొరికింది... లేదు లేదు, పెద్దదేం కాదు. అయిదడుగుల ఆరంగుళాలు."

ఇంటాయనొచ్చి ఆ కొళాయి పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. అది ఏడాదికోసారి పలకల్లో నీళ్ళు ఖాళీ చెయ్యడానికట. ఆ నీళ్ళలో, పలకలు తుప్పు పట్టకుండా మందు కలుపుతారని, నాకింక పదేళ్ళదాకా తుప్పు భయం లేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఆదివారం నేను అసలు స్నానమే చెయ్యలేదు. షవరుకొచ్చే నీళ్ళు వేరే, బాయిలర్‌కీ వాటికీ సంబంధం లేదని భాయ్ వెయ్యిసార్లు చెప్పినా నాకు ధైర్యం చాల్లేదు. సాయంత్రం పాపనెత్తుకుని బావ తిన్నగా హాల్లో పలక దగ్గరికెళ్ళి, ఒక చెయ్యి పలక మీద, ఒక చెయ్యి పాప బుగ్గ మీద పెట్టి, ఎవరున్నారని కూడా చూడకుండా ఏడ్చాడు. నేను లాండ్రీలోకెళ్ళి స్టూలు మీద కూచుని ముల్లు వంక చూశాను. కాసేపటికి అది సరిగ్గా కనబడలేదు.

రెండువేల సంవత్సరం జనవరిలో నేను సరిచేసిన ప్రోగ్రాములన్నీ ఏ గొడవా లేకుండా నడిచాయి. ఎవరూ ఏమీ అనలేదు. మొన్న చలికాలం బావ ఇల్లు మారుతుంటే పాత ఫైల్లో ఆ నాలుగు గళ్ళ కాగితం దొరికిందట. పాపకి (ఇరవై దాటి ఎన్నేళ్ళైనా నాకు పాపే) తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. ఫోటో తీసి పంపించి, "అంకుల్, లాస్ట్ లైన్ చదవండి, డాడ్ చదవమంటే నవ్వుతున్నారు," అని ఫోన్ చేసింది. చదివాను. "ఆదివారం. పాప వచ్చింది. ముల్లు ఒకటిన్నర. కారణం: నేను స్నానం చెయ్యలేదు."

"సో, యూ డిడ్న్ట్ షవర్, జస్ట్ ఫర్ మీ?" అంది.

"షవర్ నేనెప్పుడూ చెయ్యలేదమ్మా. బకెట్టే," అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆ కాగితం చాలాసేపు చూసుకున్నాను. అన్నీ తెలుసనుకున్న ఆ కుర్రాడు, ఒంటికి తుప్పు పట్టని మందు రాసుకుని, స్నానం లేకుండా స్టూలు మీద కూచుని ముల్లుకి కాపలా కాశాడు. ఆ ఏడాది మొత్తంలో వాడు సరిగ్గా చేసిన పని అదొక్కటే అనుకుంటాను.