జీపు వచ్చినప్పుడల్లా పొరక

పోయిన వారం హిందూపురంలో ఒక కంటి ఆసుపత్రికి వెళ్ళాను. పేరెందుకులెండి, ఇప్పుడు ఏ ఆసుపత్రి చూసినా ఒకేలా ఉంటుంది. నా ఎడమ కంటికి శుక్లం ముదిరిందట, కుడి కన్ను దాని వెనకే నడుస్తోందట. పరీక్ష చేసే గదిలో స్టూలు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మహా ఉంటే పాతికేళ్ళు ఉంటాయేమో. ఎదురుగోడ మీది అక్షరాలు చూపించి ఒక కన్ను మూసుకొమ్మంది. నాకు చేతకాలేదు. మూస్తే రెండూ మూసుకుంటాయి, తెరిస్తే రెండూ తెరుచుకుంటాయి. "ఏమవ్వా, ఇంత వయసొచ్చినా కన్ను కొట్టేది రాదా నీకి?" అని నవ్వి, ఆ పిల్లే ఒక అట్టముక్క అడ్డం పెట్టింది.

చేతిపని మాత్రం ఎంత బాగుందో. అద్దాలు మార్చి మార్చి పెడుతూ, ఇది తేటగా ఉందా అది తేటగా ఉందా అని విసుక్కోకుండా అడుగుతూ, చీటీ మీద అంకెలు గుండ్రంగా రాసింది. అంతలో వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ పిల్ల చటుక్కున లేచి, మూలనున్న తుడుపుకర్ర అందుకుని, శుభ్రంగా ఉన్న నేలనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ వచ్చి ఆ స్టూలు మీదే కూర్చుని, చీటీ ఒకసారి చూసి సంతకం పెట్టింది. పిల్ల మెడలో వేలాడే కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న మాట నా మసక కంటికి కూడా ఆనింది: హౌస్ కీపింగ్. ఇంటికి వచ్చి అన్నం ముట్టకుండా పడుకున్నాను. ఆపరేషనంటే భయపడుతున్నానని కోడలు అనుకుంది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మా వైపు వేరుశనగ చేతికి రాని ఏడు మల్బరీ తోటే కొంప నిలబెట్టేది. కొత్తచెరువు నుంచి, తనకల్లు నుంచి రైతులు బస్సెక్కి వచ్చి, పట్టుపురుగుల గుడ్లు కొనుక్కుని, తడిగుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను తీసుకుపోయినంత భద్రంగా తీసుకుపోయేవాళ్ళు. ఆ గుడ్లు తయారుచేసే సర్కారు కేంద్రంలో నేను పనిచేశాను. పెనుకొండకూ హిందూపురానికీ నడుమ హైవే దిగి, కంకర దారిలో కొంత దూరం పోతే వచ్చేది. ఏ ఊరో చెప్పను. చెబితే తెలిసినవాళ్ళు ఇది ఫలానా ఆయన గురించేనా అని ఆరా తీస్తారు.

ఆ పనేమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. పట్టుపురుగు గూడు కట్టుకుని, సీతాకోకచిలుకై బయటికి వచ్చి గుడ్లు పెడుతుంది. తల్లి చిలుకకు ఒక పాడు జబ్బు ఉంటే అది గుడ్లకూ వస్తుంది. ఆ గుడ్లు కొన్న రైతు ఇంట్లో పురుగులు తోటంతా మేసేసి, తీరా గూడు కట్టే వేళకు చచ్చిపోతాయి. అందుకని తల్లి గుడ్లు పెట్టిన తర్వాత దాన్ని చిన్న కల్వంలో వేసి నూరి, ఆ రసం ఒక చుక్క గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపులో చూడాలి. జబ్బు కనిపిస్తే ఆ గుడ్లు కాల్చేయాలి. ఇక్కడ మనం సరిగా చూడకపోతే ఎక్కడో తనకల్లులో ఒక ఇంటి వాళ్ళు తల పట్టుకుని కూర్చుంటారు.

మాది సోమందేపల్లి దగ్గర మెట్ట సేద్యం. వానలు ముఖం చాటేసిన ఏడు నేను ఆ కేంద్రంలో కూలిమనిషిగా చేరాను. ఊడవడం, బుట్టలు కడగడం, చిలుకలు నూరడం, ఇదీ పని. కొన్నేళ్ళకు పర్మనెంటు చేశారు గానీ కాగితాల్లో నేను నాలుగో తరగతి ఉద్యోగినే. మైక్రోస్కోపు దగ్గర కూర్చునేది మా సారు. ధర్మవరం ఆయన, మగ్గం నేసే ఇంట పుట్టి, చదువుకుని టెక్నికల్ ఉద్యోగం సంపాదించుకున్నాడు. రోజూ పాసింజరు రైల్లో వచ్చేవాడు. నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడితే చిలుకలు బెదురుతాయన్నట్టు మాట్లాడేవాడు.

ఒకరోజు నూరిన రసం పలక మీద వేసి ఇస్తే చాలాసేపు చూసి, చూసి, నన్ను పిలిచి, లోపల ఏముందో చెప్పమన్నాడు. నేను ఒక కన్ను గట్టిగా మూసుకుని వంగాను. కొర్రగింజల్లాంటివి కనిపిస్తున్నాయని, మెరుస్తున్నాయని, సన్నగా వణుకుతున్నాయని చెప్పాను. అదే జబ్బు. ఆయన పలక తీసి పక్కన పెట్టాడు. తర్వాత, రెండు కండ్లూ తెరుచుకుని చూడడం నేర్చుకోమన్నాడు. మూసిన కన్ను ముందు అలిసిపోయి, తెరిచిన కన్నుకు అబద్ధాలు చెబుతుందట. నవ్వాను గానీ వారం తిరిగేసరికి అలవాటైంది, పోనుపోను ఒక కన్ను మూయడమే మరిచిపోయాను. ఆయనకు చూపు మసకబారిందని నాకు అర్థం కావడానికి మాత్రం ఇంకా కొన్ని నెలలు పట్టింది. కండ్లు పోయినవాడికి ఆ ఉద్యోగంలో చోటు లేదు కాబట్టి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు, ఆపరేషనుకూ పోలేదు.

అలా నేను చూసేదాన్ని, ఆయన రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. ఏళ్ళు గడిచాయి. నాకది కష్టంగా ఉండేదని చెబితే అబద్ధం. ఆ స్టూలు మీద కూర్చుంటే నాకు ఇల్లూ గుర్తుకొచ్చేది కాదు, అత్తా గుర్తుకొచ్చేది కాదు.

ఒక్కటే అలవాటు ఉండేది. పెనుకొండ నుంచి అధికారి తనిఖీకి వస్తే, జీపు హైవే దిగి కంకర మీదికి రాగానే చప్పుడు మాకు వినిపించేది. ఆ చప్పుడుకు నేను లేచి మూలనున్న పొరక, అదే చీపురు, అందుకునేదాన్ని, సారు వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఇలా చేద్దామని మేమిద్దరం ఎన్నడూ అనుకున్నది లేదు. జీపు వెళ్ళిపోయాక పొరక మూలకు చేరేది, నేను స్టూలుకు చేరేదాన్ని. అధికారులు మారారు గానీ ఎవరు వచ్చినా నన్ను చూసింది పొరకతోనే.

అలా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. కేంద్రంలో మనుషులను తగ్గిస్తారట, టెక్నికల్ పని చేసేవాళ్ళు ఉంటారట, నాలుగో తరగతి వాళ్ళను వేరే ఆఫీసులకు ఊడ్చడానికి పంపిస్తారట. ఎవరి పని ఏమిటో జాబితా రాసి గోడకు అంటించారు. నా పేరు ఎదురుగా ఉన్నది నాకిప్పటికీ కంఠతా వచ్చు: ఊడ్చుట, కడుగుట, బుట్టలు మోయుట. ఒళ్ళు మండిపోయింది. తరగతి మాట అటుంచండి, ఆ మైక్రోస్కోపు నాకు దూరమవుతుందన్న మాటే మింగుడుపడలేదు. జాబితా తప్పని, నేను చేసేది పరీక్ష పని అని, దాన్ని మార్చాలని అర్జీ రాయించాను.

అర్జీకి సాక్ష్యం కావాలి. సారును అడిగాను, నేనే చూస్తున్నానని ఒక్క ముక్క రాసివ్వమని. ఆయన రిటైరు కావడానికి కొన్ని నెలలే ఉన్నాయి. ఆయన రిజిస్టరు అట్ట మీద చెయ్యి పెట్టి, "నేను రాసిస్తే, ఇన్నేండ్లు ఈడ పెట్టిన సంతకాలు ఏమైతాయమ్మా?" అన్నాడు. అడగడం తప్పని నాకు తెలుసు, ఇవ్వలేడనీ తెలుసు. తెలిసి కూడా నెల రోజులు ఆయనతో ముఖం ముడుచుకునే ఉన్నాను. నా కోపం అలాంటిది, పుట్టింట్లోనే పేరుపొందింది.

పెనుకొండ ఆఫీసులో విచారణకు పిలిచారు. అధికారి చెడ్డవాడు కాదు. నా అర్జీ మొత్తం చదివి, "నేను ఎన్నితూర్లు వచ్చినా నీ చేతిలో పొరకే కదమ్మా చూసినా" అన్నాడు. ఆ పొరక ఎవరూ నా చేతిలో పెట్టలేదు, నేనే పట్టుకున్నాను. మరి మైక్రోస్కోపు చూసేదెవరు, మీ సారు చూడడా అని అడిగాడు. చూడలేడు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో జాబితా మారిపోయేది, ఆయన ముప్పై ఏళ్ళ ఉద్యోగమూ మట్టిలో కలిసేది. నేను కూడా చూస్తానని మాత్రం చెప్పాను. "నువ్వు చూసినట్ల యాడన్నా రాసుండాదా?" అన్నాడాయన. ఎక్కడా లేదు.

బయటికి వచ్చి బస్టాండులో కూర్చుని, ఎదురుగా కొండమీది కోట గోడను చూస్తూ, సారును తిట్టుకున్నాను, నన్ను నేను తిట్టుకున్నాను. ఇంటికి వస్తే మా ఆయన ఓదార్పు ఇంకోరకం. "గమ్మునుండు, పొరక పట్టుకున్నందుకు ఎవురూ చావల్యా" అన్నాడు. ఆ పూట ఆయనకు రాగిముద్ద చల్లారిందే పెట్టాను.

తర్వాత పది రోజులకు, అర్జీ సంగతి ఇంకా తేలకముందే, పొద్దున పదకొండు వేళప్పుడు, నా ముందున్న పలకలో ఏదో అనుమానంగా మెరుస్తోంది. పుప్పొడో, కొవ్వు చుక్కో, జబ్బో తేలడం లేదు. కొంచెం ఆగి చూస్తే వణుకుతోందో లేదో తెలుస్తుంది. అప్పుడే కంకర మీద జీపు చప్పుడు వినిపించింది. నా ఒళ్ళు దానంతటదే సగం లేచింది. లేచి, మళ్ళీ కూర్చున్నాను. ధైర్యమని మీరు అనుకోవద్దు, ఆ పలక వదిలి లేవబుద్ధి కాలేదు, అంతే. కోపం కూడా ఉంది, లేదని ఎలా చెప్పను.

సారు నా వెనక వచ్చి నిలబడ్డాడు. లేవమంటాడని ఎదురుచూశాను. అంటే లేచేదాన్నే, ఇది నిజం. జీపు గేటు దగ్గర ఆగింది. ఆయన ఏమీ అనకుండా పక్కకు జరిగి, ఇస్త్రీ పంచె మడిచి, నేను నూరే చోట పీట మీద కూర్చుని, కల్వం ముందుకు లాక్కున్నాడు.

అధికారి లోపలికి వస్తూనే చూసింది అదే. పొరక మూలనే ఉంది. "ఏమప్పా ఇది?" అన్నాడు. సారు తల ఎత్తకుండానే, "ఆమె చూస్తాది సార్, నేను నూరుతా. నాకు కండ్లు ఆనక శానా ఏండ్లాయ. సంతకాలు నావి, చూపు ఆమెది" అన్నాడు. అధికారి నన్ను జరగమని, ఒక కన్ను మూసుకుని మైక్రోస్కోపులోకి చూశాడు. ఏం ఉందో చెప్పమన్నాడు. అప్పటికే వణుకు నాకు తేలిపోయింది; జబ్బే ఉంది, ఆ గుడ్లు కాల్చాలని చెప్పాను. ఆయన మళ్ళీ చూసి, కాల్చమన్నాడు.

జాబితాలో నా పేరు మారింది. స్టూలు పోయి కుర్చీ వచ్చింది, రిటైరయ్యేదాకా అందులోనే కూర్చున్నాను. సారుకు మెమో వచ్చింది. రిటైరయ్యాక కూడా చాలాకాలం పెన్షన్ కాగితాలు కదలలేదట. వీడ్కోలు రోజున నేను ఆయనకు ఎదురుపడకుండా చిలుకల గదిలో పని కల్పించుకున్నాను.

కొన్నేళ్ళ తర్వాత ఆయనకు కంటి ఆపరేషనైందని తెలిసి, ధర్మవరం వెళ్ళాను. వీధి అరుగు మీద మందపాటి అద్దాలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గొంతు విని గుర్తుపట్టాడు. ఆయన భార్య కాఫీ తెచ్చి గడప దగ్గర పెట్టి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆమెను తప్పుపట్టను, ఆమె చోట నేనుంటే కాఫీ కూడా ఇచ్చేదాన్ని కాను. సారు మాత్రం నా వైపు చాలాసేపు చూశాడు, గాజుపలక చూసినట్టే. చివరికి, "ఏమమ్మా, నీ తల నెరిసిపోయిండాదే. ఎప్పటినుంచి?" అన్నాడు.

పక్కపక్కన అన్నేళ్ళు పనిచేశాం. నా వెంట్రుకలు ఆ కేంద్రంలో, ఆయన కళ్ళముందే నెరిశాయి. అక్కడ నవ్వి వచ్చేశాను గానీ, రైలు పెనుకొండ దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. క్షమించమని అడగాలని వెళ్ళినదాన్ని, ఆ ఒక్కమాటా అడగకుండానే వచ్చాను. ఆయన ఇప్పుడు లేడు.

మా కేంద్రంలో ఇప్పుడు ఎవరూ లేరు, గేటుకు తాళం ఉంది, కంకర దారికి తారు వేశారు, జీపు వచ్చినా చప్పుడు వినపడదు. మా కాలంలో అన్యాయం జరగలేదని కాదు. అయినా అన్యాయానికి ఒక జాబితా ఉండేది, ఆ జాబితాను అంటించడానికి ఒక గోడ ఉండేది, తప్పని అర్జీ పెట్టుకోవడానికి పెనుకొండలో ఒక ఆఫీసు ఉండేది. ఆ రోజు వచ్చేసేముందు ఆసుపత్రి పిల్లను అడిగితే, తనను పెట్టుకున్న కంపెనీ ఏదో బెంగుళూరులో ఉందని, ఆ కంపెనీ మనిషిని తను ఒక్కసారైనా చూడలేదని చెప్పింది. పాపం, ఈ పిల్ల ఎవరితో పోట్లాడుతుంది?

చెప్పుల చప్పుడు వినిపించినప్పుడు లేవవద్దు తల్లీ అని చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. నేను లేవకుండా కూర్చున్న రోజున పీట మీదికి దిగడానికి నా వెనక ఒక మనిషి ఉన్నాడు. ఈ పిల్ల వెనక ఎవరున్నారో నాకు తెలియదు. వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు. ఈసారి ఆ పిల్ల ఒక కన్ను మూసుకొమ్మంటే, రెండూ తెరిచి చూడడం నాకు ఎవరు నేర్పారో చెబుతాను.